ఐలేశం మూడు ముక్కలు

విస్తరాకులు తేవాలి. పొట్టేలు తలకాయ వండించాలి. కల్లు, బీడీకట్ట మరవొద్దు. చిట్యాల మేనత్తకు ఫోన్ చేయాలి. బాపు పేక వెతకాలి. పిట్ట ముట్టంగనే అవ్వకు అన్నం పెట్టాలి.

గిరి రాసుకున్న చీటీలో చివరి పని కింద రెండు గీతలున్నాయి. తండ్రి ఐలేశం పోయి మూడొద్దులు. కాకి వచ్చి ఆకులో మెతుకు ముట్టేదాకా ఇంటివాళ్లు తినరు. ఐలేశం తల్లి, అవ్వ గుర్వమ్మకు షుగరు. పొద్దున్నుంచి మంచినీళ్లే.

నకిరేకల్ శివారులో, గొర్ల దొడ్డి వెనక సమాధి దగ్గర ఆకు పరిచారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ పెట్టాలి. చింతగింజలు పందెం కాసి ఆడే మూడు ముక్కలాటంటే ఐలేశానికి ప్రాణం. అతని జోడీదారు యాదయ్య పేక కలిపి, ఆకు పక్కన మూడు ముక్కలు తెరిచి పెట్టాడు.

మూడూ ఏడులే.

ముప్పై ఏళ్లు ఆడినా ఐలేశానికి అన్నిటినీ గెలిచే ఆ పంపకం, మూడూ ఒకే అంకె, ఒక్కనాడూ పడలేదు. అది నాలుగువందల ఇరవై ఐదు పంపకాల్లో ఒకసారే వస్తుందని, స్టాటిస్టిక్స్ చదివిన గిరి ఎన్నోసార్లు నచ్చజెప్పాడు. "గా ఒక్కటి యాడికి పోతది బిడ్డా, నన్ను దేవులాడుకుంట వస్తది" అనేవాడు తండ్రి.

కాకి దొడ్డి కప్పు మీద వాలింది. దిగలేదు. యాదయ్య ముక్కలు తీసి, బాగా కలిపి, మళ్లీ వేశాడు. మళ్లీ మూడు ఏడులు. గిరి పేక లాక్కుని లెక్కబెట్టాడు. యాభై రెండు, ఏడులు నాలుగే. వరసగా రెండోసారీ అవే పడడమంటే ఇరవై మూడు లక్షల్లో ఒకసారి.

అవ్వ తూలి గోడకు ఆనుకుంది. ఒక్క ముద్ద తినమని గిరి బతిమాలితే తలూపలేదు. యాదయ్యనే చూస్తోంది.

"తెరిసి పెడ్తే ఎట్ల ముడ్తడు యాదయ్యా? నా కొడుకు ఎన్నడన్న ముక్కలు సూసి ఆడిండా?"

నిజమే. ఐలేశం ఎప్పుడూ బ్లైండే. ఆట తీరేదాకా తన ముక్కలు తిప్పడు, ఒకరిని తిప్పనివ్వడు.

మూడోసారి యాదయ్య పేక కలిపి బోర్లా వేశాడు. కాకి వెంటనే దిగింది. మెతుకు ముట్టింది. ఒక ముక్కను నోట కరుచుకుని తాటిచెట్ల మీదుగా ఎగిరిపోయింది.

అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుంది. గిరి మిగిలిన రెండు ముక్కల వైపు చేయి చాపి, వెనక్కి తీసుకున్నాడు. యాదయ్య చేతిలోని నలభై తొమ్మిది ముక్కల్ని మాత్రం విప్పి చూశాడు.

అందులో ఏడు ఒక్కటే ఉంది.

ఆ తర్వాత అతను లెక్క వేయలేదు. ఆ రెండింటినీ బోర్లాగానే మన్నుతో కప్పాడు. మీరెప్పుడైనా మూడు ముక్కలు పంచుకుంటే, తిప్పి చూసుకునే ముందు ఒక్కసారి, గొర్లు కాసిన నకిరేకల్ ఐలేశాన్ని తలుచుకోండి.