సగం పన్ను తీర్పు

నేను పళ్ల డాక్టరు వాడే ఒక వంకర ఉక్కు పుల్లని. ఆ సోమవారం పొద్దున్న సలాది ధర్మారావుగారి కింది దవడ పన్ను పక్కన చిగురులోకి దూరి, ఎక్కడా అడ్డు తగలక, పన్ను కిందనుంచి అవతలి పక్కకి తేలాను.

ఆ పన్నుకి రెండు వేర్లు. వాటి మధ్య ఎముక ఉండాలి. లేదు. సొరంగం ఉంది.

ధర్మారావుగారు తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో ధాన్యం కొనే గుమాస్తా. బస్తాలోంచి గింజ తీసి ఆ పంటి కింద పెట్టి కొరుకుతారు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పన్ను మాటే మిల్లు మాట. ఈమధ్యే యజమాని తేమ చెప్పే మిషను కొన్నాడు.

నా సంగతీ చెప్పాలి. కార్ఖానాలో నా తోటివాళ్లు నిటారుగా తయారయ్యారు. నన్ను మాత్రం కొడవలిలా వంచి, మూడేసి మిల్లీమీటర్లకో నల్ల గీత పెట్టారు. ఎందుకో నన్ను కొన్న పెద్ద డాక్టరుకీ తెలియలేదు. కదిలిన పన్నునల్లా పీకడమే ఆయన వైద్యం. నాతో కాఫీపొడి డబ్బా మూత తీసేవారు. ఆయన మానేశాక నేను డాక్టర్ ఇందుమతి చేతికొచ్చాను. ఆమె నన్ను ఆవిరిలో ఉడికించి, నా వంకరకి ఉద్యోగం ఇచ్చింది. పంటి వేర్ల సందుల్లోకి నిటారు పుల్లలు దూరలేవు మరి.

"ఏళ్లతరబడి గార పేరుకుంది. ఊక కూడా ఇరుక్కుంది" అందామె.

"పీకేస్తారా అండి?" ధర్మారావుగారు అడిగారు. "పన్ను పోతే మిల్లులో నాకేం పనుందండి? మిషను చాలు."

"పీకి, ఎముకలో బిగించే స్క్రూ పన్ను పెట్టొచ్చు. చిగురు తెరిచి శుభ్రంచేసి, సొరంగం అలాగే ఉంచితే రోజూ మీరే బ్రష్షుతో తోముకోవాలి. ఎముక పొడి వేద్దామంటే ఇంత పెద్ద సందులో నిలవదు. ఇంకో దారుంది బాబాయ్‌గారూ. వెనక వేరు చుట్టూ ఎముక పోయింది, ముందుది గట్టిగా ఉంది. పన్నుని రెండుగా కోసి, వెనక సగం తీసేద్దాం."

"సగం పన్నుకి ధాన్యం తెలుస్తుందా అండి?"

"తెలిసినా అడక్కండి. గింజ కొరకడం ఇవాళ్టితో బంద్."

ఆయన భార్య మంగతాయారు నవ్వింది. "ఆయ్, చెప్పండి డాక్టరుగారూ. నా మాట ఎటూ వినరు."

ముందు వేరుకి లోపల వైద్యం చేశారు. తర్వాత చిగురు తెరిచారు, కోశారు, కుట్టారు. గాయం మానాక తొడుగు వేశారు. మూడు నెలలకి నన్ను మళ్లీ దింపారు. రెండు మిల్లీమీటర్లకే చిగురు నన్ను ఆపేసింది. ఒకరు నన్ను అడ్డుకుంటే అంత సంతోషించడం నాకు అదే మొదలు.

పైకి వస్తుంటే నా కొనకి ఏదో తగులుకుంది. డాక్టరమ్మ దీపం కింద పెట్టి చూసింది. వరి పొట్టు. కొత్తది.

"ఇదెక్కడిది బాబాయ్‌గారూ?"

"పొద్దున్న పెసరట్టు తిన్నానండి."

"మా ఇంట్లో పెసరట్టులో వరి పొట్టు వెయ్యం" అంది మంగతాయారు.

ధర్మారావుగారు కుర్చీలో లేచి కూర్చున్నారు. భయపడాల్సిన మనిషి ముఖం వెలిగిపోతోంది.

"కొరికానమ్మా. నిన్న, ఒకే ఒక్క గింజ. గంగయ్య లోడంతా తడి అంది మిషను. వెనక్కి పంపేస్తుంటే ఆ రైతు ముఖం చూడలేకపోయాను. సగం పన్నే కదా, సగమన్నా చెప్పకపోతుందా అని పెట్టాను. టక్కుమంది. లోడు దింపించేశాను. తర్వాత చూస్తే మిషనులో బ్యాటరీ అయిపోవచ్చిందండి, అందుకే తప్పు చెప్పింది. తప్పు నాదే, కాదనను. కానీ ఆ టక్కు విన్నాక రాత్రి నిద్రపట్టలేదమ్మా, ఆనందంతో."