సాలీడు దిగేదాకా

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పుకోవాలి. అన్యాయం జరిగింది తొమ్మిదేళ్ళ పిల్లకు. ఒక ఆదివారం పొద్దున, సొంత ఇంట్లో, కన్నతండ్రి చేతిలోని బూజుకర్రతో జరిగింది. అందులో తల్లికీ కొంత వాటా ఉంది.

హాల్లో పుస్తకాల బీరువా పైమూలన పొడుగుకాళ్ళ సాలీడు ఒకటి కాపురముండేది. వారం వారం ఇల్లంతా బూజు దులిపే పాప తల్లి ఆ ఒక్క మూలనూ వదిలేసేది. ఆఫీసు నుంచి వచ్చి, గిన్నెలు కడిగి, బట్టలు మడిచి, మర్నాటికి కూరలు తరిగి పెట్టుకున్నాక తల్లీకూతుళ్ళు నేలమీద వెల్లకిలా పడుకుని దాన్ని చూసేవాళ్ళు. తల్లి మొదలుపెట్టిన మాటను కూతురు అందుకునేది. కూతురు ఎక్కడైనా ఆగితే తల్లి అందించేది.

"అమ్మా, గుడ్లు పెట్టింది. చుట్టి నోట్లో పెట్టుకుంది."

"మరి తిండో?"

"తినదు. పిల్లలు బయటికొచ్చేదాకా నోరు ఖాళీ ఉండదుగా."

"భయమేస్తే?"

"వల పట్టుకుని గబగబా ఊగుతుంది. అప్పుడది ఎవరికీ సరిగ్గా కనబడదు."

భయమేస్తే పాప కూడా ఊగుతుంది. బడిలో టీచరు ఆ అలవాటు మాన్పించాలని చూస్తోంది. డాక్టరు ఆటిజం అన్నాడు. "ఎక్కడా నోరు జారకు," అన్నాడు భర్త, కారు తాళం తిప్పుతూ. ఆమె కిటికీ వైపు తిరిగింది. డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ పాప తరఫున జవాబులు చెబుతూ, లోలోపల తన తరఫున కూడా అవే జవాబులు చెప్పుకుంది మరి. నలుగురిలో ఎప్పుడు నవ్వాలో, ఎదుటి మనిషి కళ్ళలోకి ఎంతసేపు చూడాలో ఆమె అద్దం ముందు నిలబడి నేర్చుకున్న మనిషి. మీటింగుల్లో ఫ్యాను రొద, కుర్చీల కీచు, అందరి మాటలూ ఒక్కసారిగా చెవిలో పడుతుంటే, బల్లకింద కాలివేళ్ళు కదుపుకుంటూ, పైన చిరునవ్వు చెదరకుండా కాపాడుకునేది. "మీరైతే ఓపిగ్గా చూసుకుంటారు మేడమ్," అంటూ అందరికీ టీలు తెప్పించే పని కూడా ఆమె నెత్తినే పెట్టేవాళ్ళు. ఇల్లు చేరేసరికి దవడలు నొప్పెట్టేవి. ఇంటి చాకిరీకి జీతం లేదని అందరికీ తెలుసు. ఆ నవ్వుకు జీతం లేదని ఆమెకొక్కదానికే తెలుసు. పాప పక్కన నేలమీద పడుకున్న ఆ కాసేపే ఆమె ముఖం ఆమెకు దక్కేది.

ఆ ఆదివారం భర్త పైఅధికారి దంపతులు టీకి వస్తామన్నారు. ఆమె వంటింట్లో ఫలహారం పనిలో మునిగి ఉండగా హాల్లోంచి కేక వినబడింది.

"ఇదేం కొంపరా బాబూ! ఇంట్లో ఆడది ఉన్నట్టా, లేనట్టా? ఏమోయ్, బూజుకర్ర ఎక్కడ?"

పెళ్ళయిన నాటినుంచీ ఆ గొంతు అడగని వస్తువు లేదు. కత్తెర ఎక్కడ, కళ్ళజోడు ఎక్కడ, నా మేజోళ్ళలో రెండోది ఎక్కడ? జవాబు చెప్పేముందు ఆమె నోరు ఆమెనడగడం ఎప్పుడో మానేసింది.

"తలుపు వెనక," అంది, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

చీపురు జాతికి చెందిన వస్తువును ఆయన చేతబట్టడం అదే మొదలు. ఆ సంగతి ఆమెకు తట్టేసరికి పాప అరిచింది. గోడలు పగిలే అరుపు. హాల్లో కూర్చున్న అత్తగారి చేతిలోని గ్లాసు జారి మంచినీళ్ళన్నీ ఒళ్ళో పడ్డాయి.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి హాల్లో ఆ మూల నున్నగా ఉంది. పాప గోడకు ఆనుకుని ఊగుతోంది.

"అరుపులాపు. నానమ్మ ఎంత దడుచుకుందో చూడు. ముందు సారీ చెప్పు," అన్నాడు భర్త.

"పోనీలేరా," అంది అత్తగారు తడిసిన చీర పిండుకుంటూ. "ఎవరి పోలికో ఏమో! మన వైపు ఇలాంటివాళ్ళు ఎవరూ లేరమ్మా."

సారీ అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. చిన్నప్పుడు తన సాలెగూడును కూడా ఇలాగే ఎవరో దులిపారు. తనూ ఇలాగే అరిచింది. తండ్రి తనను గడప మీద నిలబెట్టి, ఇంటిల్లిపాదికీ పేరుపేరునా సారీ చెప్పించాడు. ఏమీ తెలియని చంటి తమ్ముడితో సహా. అందరూ పుచ్చుకున్నారు. తనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

"నా పోలిక, అత్తయ్యా," అంది ఆమె. "అచ్చంగా నా పోలికే. నేను పైకి కనబడకుండా ఊగుతాను, అంతే తేడా."

అత్తగారు కోడలిని ఎగాదిగా చూసింది. ఆమె వెళ్ళి పాపకు తగలకుండా, కాస్త ఎడంగా నేలమీద కూర్చుంది.

"బూజుకర్ర ఎక్కడుందో చెప్పింది నేను. ఆలోచించకుండా చెప్పాను. తప్పు నాది. సారీ."

పాప ఊగుతూనే లెక్క చూసింది. "నువ్వు చెప్పావు. నాన్న దులిపాడు. రెండు తప్పులు."

"అవును. రెండోది మిగిలే ఉంది." ఆమె భర్త వైపు తిరిగింది.

"ఏంటీ, సాలీడుకి నేను సారీ చెప్పాలా?" ఆయన పకపకా నవ్వాడు. "బాగుంది వరస! లే, లేచి టీ సంగతి చూడు."

"సాలీడుకి కాదు. పాపకి."

ఈలోగా పాప బూజుకర్ర దగ్గరికి పాకింది. కుచ్చులో ముఖం పెట్టి చూసింది.

"అమ్మా, ఉంది! ఒక కాలు పోయింది. గుడ్లు మాత్రం వదల్లేదు. నోట్లోనే ఉన్నాయి!"

తరువాత పాప ఆజ్ఞలు జారీ అయ్యాయి. "కర్ర మూలకి ఆనించి పట్టుకోవాలి. దానంతటది దిగాలి. తొయ్యకూడదు."

"మీరే దులిపారు, మీరే స్టూలెక్కండి," అంది ఆమె భర్తతో.

ఆయన సాయం కోసం తల్లి వైపు చూశాడు.

"ఎక్కరా," అంది పెద్దావిడ విసుగ్గా. "వాళ్ళొచ్చేలోగా కానీ. నీ పెళ్ళాం లేచేలా లేదు."

ఆయన స్టూలెక్కి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. సాలీడు కదల్లేదు. గుమ్మం దగ్గర గంట మోగింది.

"తలుపు తియ్యవోయ్! నా చేతులు లాగేస్తున్నాయి!"

"కదపకు నాన్నా," అంది పాప.

అత్తగారు లేవబోయింది. "ఉండండి అత్తయ్యా," అంది ఆమె. "ఒక్క మాట బాకీ ఉంది. అది తీరాక తీద్దాం." గొంతు పెంచలేదు. అద్దం ముందు నేర్చుకున్న నవ్వు ముఖం మీద లేదు. ఆ ముఖాన్ని ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు.

గంట మళ్ళీ మోగింది.

"సారీ," అన్నాడు గోడతో.

"ఎవరికి?" పాప అడిగింది. అది ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలియకే అడిగింది.

"నీకే."

"ఎందుకు?"

ఆయన మెడ తిప్పి కూతురిని చూశాడు. ఆ పిల్ల ఊగడం ఆపి, చెవులు అప్పగించి నిలబడి ఉంది.

"నిన్నడక్కుండా నీ సాలీడుని దులిపినందుకు. నువ్వు ఏడుస్తుంటే తిరిగి నీచేతే సారీ చెప్పించబోయినందుకు. సారీ తల్లీ."

కుచ్చులోంచి ఒక పొడుగు కాలు గోడ మీదికి తడుముకుంటూ వచ్చింది. దాని వెనక రెండోది.

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ మాట స్టూలు పక్కనున్న పాపకు ఎంత అందిందో, గడప మీద నిలబడ్డ ఆనాటి పిల్లకూ అంతే అందింది. అసలూ వడ్డీ కలిపి, మొత్తం ముట్టింది.