సి మీద ఆపితే అక్క తిడుతుంది

"మీ అక్కకి ఇంక ఎవరూ గుర్తు రారు. హోమ్‌లో చేర్పించేద్దాం" అని బావ ఫోన్ చేసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టి ఆపరేషన్ అయ్యాక, ఏడు నెలలుగా అక్క మనుషుల్ని పోల్చుకోవడం లేదు, నిజమే. కానీ ముప్పై ఏళ్లు పియానో నేర్పిన మనిషి!

"నేనొచ్చి తప్పు వాయిస్తాను. తిట్టిందా, అక్క ఇంకా లోపల ఉన్నట్టే. అప్పుడు మాత్రం హోమ్ మాటెత్తావో, ఊరుకోను" అన్నాను.

"రా. తప్పు వాయించడంలో నిన్ను మించినవాళ్లెవరున్నారు?" అన్నాడు బావ. పాపం, నవ్వడానికి ప్రయత్నించాడు.

మర్నాడు పొద్దున్నే నా టైలరింగ్ షాపు మూసేసి వెళ్లాను. ముందుగదిలో పియానో మీద ఉతికిన దుప్పట్లు ఉన్నాయి. వాటిని కుర్చీలో పడేసి, అక్కకి తల దువ్వి, పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. దుప్పటి ఒకటి ఒళ్లోకి లాక్కుంది.

పియానోలో డోరియన్ అని ఒక మోడ్ ఉంది, మన రాగం లాంటిది. నల్ల మెట్లు ముట్టుకోకూడదు. డి అనే మెట్టు దగ్గర మొదలెట్టి, తెల్ల మెట్ల మీదే తిరిగి, మళ్లీ డి దగ్గరికే రావాలి. చిన్నప్పుడు దీంతో అక్క నన్ను కాల్చుకు తింది. "ఇవన్నీ సి స్కేలు మెట్లేగా, పేరు మార్చినంత మాత్రాన వంకాయ బెండకాయవుతుందా?" అని వాదించేదాన్ని. చివర్లో నా వేలు అలవాటుకొద్దీ డి పక్కనే ఉన్న సి మీదకి జారేది. "అది పక్కింటి గుమ్మమే, మొద్దూ! మనింటికి రా!" అని అక్క వంటింట్లోంచి అరిచేది.

ముందు సరిగ్గానే వాయించాను. ఎడం చేత్తో కింది డి నొక్కిపట్టి, కుడిచేత్తో ఒక్కో మెట్టూ ఎక్కాను. ఎఫ్ దగ్గర మనసు దిగులుపడింది. ఆ దిగుల్లోనే, బి దగ్గర, కిటికీ తెరిచినట్టయింది. వెనక్కి దిగి డి మీద ఆగాను. అప్పుడు తెలిసింది. నలభై ఆరేళ్లొచ్చాక, అప్పుడు! ఏ మెట్లు నొక్కామని కాదు, చెవి దేన్ని ఇల్లనుకుంటోందన్నదే అసలు సంగతి.

"అక్కా, ఇన్నాళ్లకి బుర్రకెక్కిందే!" అన్నాను. అక్క దుప్పటి అంచు నలుపుతోంది.

సరే, అసలు పరీక్ష. మళ్లీ వాయించి, చివర్లో సి మీద గట్టిగా ఆపేశాను. నా చెవికే గుచ్చుకుంది. బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

అక్క నవ్వింది. "బాగుంది" అంది.

ఇంకోసారి ఆపాను. "బాగుంది."

మూడోసారి కూడా అదే మాట వచ్చేసరికి నాకు పూనకం వచ్చింది. "ఏం బాగుందే? తప్పు వాయించాను! చెవుల్లో సీసం పోసుకున్నావా? తిట్టవే, నీకు పుణ్యముంటుంది, ఒక్క మాట తిట్టు!"

అక్క ఉలిక్కిపడి లేచి నిలబడింది. దుప్పటి కిందపడింది. రెండు చేతులూ కట్టుకుంది.

"తప్పైపోయిందండీ" అంది. "ఈసారి సరిగ్గా వాయిస్తానండీ. మా అమ్మకి చెప్పకండి."

నన్ను అండీ అంది. నన్ను చంకనేసుకు తిరిగిన మనిషి, నాకు జడలేసిన మనిషి, నాకు భయపడి వణుకుతోంది. నా నోరు పడిపోనూ.

"పర్లేదు, నీ తప్పేం లేదు, కూర్చో" అన్నాను. కూర్చోలేదు.

బావ వైపు తిరగలేకపోయాను. "హోమ్ వాళ్లు ఎప్పుడు రమ్మన్నారు బావా?" అని పియానోని చూస్తూనే అడిగాను.

"సోమవారం."

"నేనూ వస్తాను."

అక్క నా మొహంలోకి జాగ్రత్తగా చూసింది. "ఇంక నేను వెళ్లొచ్చాండీ?" అంది.

వెళ్లమని తలూపాను.