ఎంగిలి చేయరాని రాణి

పోలీసు చర్య జరిగిన ఏడాది నుంచి పెద్దదొర జగ్గారావుకు విషం భయం పట్టుకుంది. జాగీర్లు పోయాయి, ఖానాపూర్ వైపు ఊళ్ళలో దొర కనబడితే లేచి నిలబడేవాళ్ళు తగ్గారు. అయినా ఆయన భయం ఊరి మీద కాదు, సొంత తమ్ముడు కిషన్‌రావు మీద. పెద్దదొరకు పిల్లలు లేరు, భార్య పోయింది. ఆయన కన్ను మూస్తే గడీ, భూములు అన్నీ చిన్నదొరవే. అందుకని కంచంలో ఏది పడినా ముందు శంకరవ్వ తినాలి.

శంకరవ్వ ఆడబాప. చనిపోయిన దొరసాని పెళ్ళినాడు పట్టుచీరలతో, ఇత్తడి బిందెలతో పాటు అరణంగా వచ్చిన పిల్ల. ఆమెకు మొగుడుండడు, ఇల్లుండదు, దొర మాటకు ఎదురు ఉండదు. ప్రతి కూరలో ఒక ముద్ద తిని గోడకు ఆనుకుని నిలబడేది. ఆమె పడిపోలేదని నమ్మకం కుదిరాక దొర చెయ్యి కడుక్కుని ముద్ద కలిపేవాడు. చావును రోజూ రెండుపూటలా నమిలి మింగిన ఆ మనిషిని తిన్నావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మధ్యాహ్నాలు దొర ఒక ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని ఆమెకు కథలు చెప్పేవాడు. ఫిన్లాండు అనే మంచుదేశాన్ని ఎక్కువగా పొరుగుదేశాల నుంచే ఏలిన రాజుల భార్యల కథలు. చాలామంది ఆ దేశం మొహమైనా చూడకుండానే దానికి రాణులనిపించుకున్నారట. ఒకామె మొగుణ్ణి ఆ దేశంవాళ్ళు రాజుగా ఎన్నుకుని, ఆయన గద్దె ఎక్కకముందే మాకు రాజే వద్దన్నారట.

శంకరవ్వ మనసు మాత్రం కారిన్ అనే రాణి దగ్గరే ఆగింది. సిపాయి బిడ్డ, రాజు చెల్లెలి దగ్గర పనిపిల్ల. రాజు ఎవరినీ నమ్మనివాడు. ఆ పిల్లను పెళ్ళాడి కిరీటం పెట్టాడు. ఆ ఏడే తమ్ముడు గద్దె లాక్కుని, తర్వాత ఇద్దరినీ ఫిన్లాండులో ఒక కోటలో బంధించాడు.

"ఆఖరుకు ఏమైంది దొరా?"

"రాజుకు బఠాణీల చారుల విషం పెట్టిండ్రంటరు."

"మరి రాణి?"

"ఆమెను అప్పటికే రాజు నుంచి ఏరు చేసి పంపిండ్రు. కంచం కాడ ఆమె లేదు."

ఆ మాట శంకరవ్వకు చాలారోజులు నిద్రపట్టనివ్వలేదు.

అంతలో చిన్నదొరకు ఉన్నట్టుండి దయ పుట్టింది. తల్లి ముందు కూర్చుని, "అన్న ఒక్కడైండు. శంకరవ్వ మెడల పుస్తె కడితే తప్పేముంది? కాలం మారింది" అన్నాడు. చూపు పోయిన ఆ ముసలి దొరసాని ఏడ్చి, ఆఖరికి సరేనంది. పెద్దదొర పొంగిపోయాడు. తమ్ముణ్ణి ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు ముందు గుడ్డ తడుపుతారన్న సంగతి ఆయన మరిచాడు.

పెళ్ళి మర్నాడు శంకరవ్వ అలవాటు కొద్దీ దొర కంచంలో చెయ్యి పెట్టబోయింది.

"అయ్యో, అదేం పని వదినె?" చిన్నదొర నవ్వాడు. "మొగని కన్న ముందు పెండ్లాం తింటదా? నీ ఎంగిలి అన్న తింటడా?"

"ఇల్లు మునుగుతది బిడ్డా" అంది అత్త.

పెద్దదొర ఒక్కక్షణం తటపటాయించి ముద్ద కలిపాడు. శంకరవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. తనను దొరసానిని ఎందుకు చేశారో అప్పుడు తెలిసింది. ఏరు చేసి ఎక్కడికో పంపలేదు, కంచం పక్కనే కూర్చోబెట్టి ఏరు చేశారు. దొరకు చెప్పి చూసింది. "ఇగ సాలు, వాడు నా తమ్ముడు" అని ఆయన కసిరాడు.

పదిహేను రోజులు ఏమీ కాలేదు. దొర తిన్న ప్రతి ముద్దా ఆమె తన గొంతులోనే లెక్కపెట్టుకుంది.

పదహారు రోజుల పండుగనాడు పట్టపగలు, అందరూ పీటల మీద కూర్చున్నాక, చిన్నదొర పరమాన్నం గిన్నె తానే పట్టుకొచ్చాడు. వంటింట్లో ఆ గిన్నెను ఆమె చూడలేదు. అన్న కంచంలో నిండుగా వడ్డించి, తాను మాత్రం నిలబడ్డాడు.

"నువ్వు కూసోవా?" తల్లి అడిగింది.

"నాకు ఇయ్యాల ఒక్కపొద్దు అవ్వా."

పొద్దున అతను రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. కాల్చింది శంకరవ్వే.

పెద్దదొర చెయ్యి కంచం మీదికి వెళ్ళింది. శంకరవ్వ ఆ చేతిని పట్టుకుంది. ఆయన కంచంలోంచే ఒక ముద్ద తీసి, లేచి, చిన్నదొర ఎదుట నిలబడింది.

"పదహారో దినం మరిదికి వదినె ముద్ద పెట్టాలె. తిను మరిది."

"ఒక్కపొద్దని చెప్తున్న గద."

"వదినె తల్లి అసొంటిది. ఆమె చేతి ముద్దకు ఒక్కపొద్దు చెడదు, తిను బిడ్డా" అంది తల్లి.

చిన్నదొర ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నన్ను వదినెను చేసింది నువ్వే" అంది శంకరవ్వ నెమ్మదిగా. "ఇప్పుడు కాదంటె ఎట్ల?"

కొడుకు ముద్ద అందుకోకపోవడం ముసలామెకు అవమానంగా తోచింది. కొత్త కోడలి చెయ్యి గాలిలో నిలిచిపోవడం ఆమెకు నచ్చలేదు.

"వాడు తినకుంటె నాకియ్యి బిడ్డా. అరిష్టం" అని తడుముకుంటూ శంకరవ్వ మణికట్టు పట్టుకుని, ముద్దను నోటి దాకా లాక్కుంది.

శంకరవ్వ ఇది అనుకోలేదు. చెయ్యి విడిపించుకోబోయింది. అంతకన్నా ముందే చిన్నదొర ఆ ముద్దను కొట్టేశాడు.

"అవ్వా, తినకు."

ముద్ద గచ్చు మీద పడింది. పెద్దదొర తమ్ముడి వైపు చూసి, కంచాన్ని మెల్లగా దూరం జరిపాడు.

"ఎందుకు తినొద్దు?" ముసలామె అడిగింది. "ఎందుకు బిడ్డా?" అని మళ్ళీ అడిగింది.

కొడుకులిద్దరూ తలలు దించుకున్నారు. శంకరవ్వ ఆమె పక్కన కూలబడి, ఆ పెదవులకు మెతుకు అంటిందేమోనని కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది.