ముట్టుకోని వారం

నా పీహెచ్‌డీ గైడ్ మేడమ్ తన పరిశోధనా పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం చేయడానికి ఇంకా పది రోజులే గడువు. ఆలోగా అందులోని కొలత మళ్లీ రాకపోతే, లేనిది ఉన్నట్టు రాశారన్న మాట ఆవిడకు జన్మంతా అంటుకుపోతుంది.

మేం కొలిచేది వెంట్రుకకన్నా వేలరెట్లు సన్నని తీగను. అందులో ఎలక్ట్రాన్లు ఒకదాని వెనక ఒకటిగానే నడవాలి. తీగలోని పరమాణు కేంద్రకాలు ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం, తలో దిక్కూ చూస్తుంటాయి. చలి బాగా ముదిరితే ఎలక్ట్రాన్లే వాటిని ఒక క్రమంలోకి తెస్తాయి. అప్పుడు కరెంటు సగానికి పడిపోతుంది. మూడేళ్ల క్రితం మేడమ్ ఆ సగాన్ని చూశారు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, నాతో సహా.

అప్పటి రిజిస్టరులో ఉన్నట్టే రెండు గంటలకోసారి తీగలోకి కరెంటు పంపి కొలిచేదాన్ని. తిండీ తిప్పలూ మానేసి పద్నాలుగుసార్లు ప్రయత్నించాను. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. ఆ రోజు రిజిస్టరును విసిరికొట్టాను.

తీగను హీలియంతో చల్లబరిచే యంత్రాన్ని ముప్పై ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మెకానిక్‌ను మేం హీలియం తాత అంటాం. ఆయన రిజిస్టరు తీసి దులిపి, పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు.

"ఈ వారం రాతలు నావే తల్లీ. అన్నీ అబద్ధాలే."

"ఏంటి తాతా నువ్వనేది?"

"అప్పుడు అమ్మగారి భర్త పోయారు. వారం రోజులు ఆవిడ ఇటు రాలేదు. మిషన్ గాలికొదిలేశారని ఆవిణ్ణి అంటారేమోనని, రెండు గంటలకోసారి 'కొలిచాం, మార్పు లేదు' అని నేనే రాసేశా. చలి ఒక్కటే చూసుకున్నా. తీగ జోలికి ఎవరూ పోలేదు."

మేడమ్ చూసిన సగం ఆ వారం తర్వాతి పేజీలోనే ఉంది. కొలిచిన ప్రతిసారీ తీగ రవ్వంత వేడెక్కేది. కుదురుకోబోతున్న కేంద్రకాలను మేమే చెదరగొట్టేవాళ్లం. తాత మంచితనమే మేడమ్ కొంప ముంచింది. నాలుగు దులుపుదామనుకున్నాను గానీ మనసొప్పలేదు.

మేడమ్‌కు ఆయనే వెళ్లి చెప్పాడు. "నేను లేనప్పుడు నువ్వే కొలిచావనుకున్నా. ఆ పేజీలు చూడ్డం నావల్ల కాలేదు," అని మాత్రం అన్నారు ఆవిడ.

ఏడు రోజులు తీగను వదిలేశాం. తాత మిషన్ గదికి తాళం వేసి గుమ్మం ముందు స్టూలు వేసుకున్నాడు. డైరెక్టరునే లోపలికి పోనివ్వలేదు. ఎనిమిదో రోజు మేడమ్ స్విచ్ నొక్కారు. అంకె సగం దగ్గర నిలబడింది.

మేడమ్ రిజిస్టరు అడిగి, ఆ పాత పేజీ తెరిచి తాత రాతలన్నీ కొట్టేశారు. కింద రాశారు: ఈ వారం తీగను ఎవరూ ముట్టుకోలేదు.

"కారణం కూడా రాయాలా?" అని నన్నడిగారు.

"అక్కర్లేదు మేడమ్."

"రాయాలి," అని మళ్లీ వంగారు. నా భర్త చనిపోయారు, అని రాశారు. మూడేళ్లలో ఆవిడ ఆ మాట రాయడం అదే మొదటిసారట.