మూడు గ్లాసులు, ఒక గొంతు

అల్లం పొట్టు చెంచా అంచుతో గీకితే పలచగా ఊడి వస్తుంది. చాకు పెడితే అల్లమే సగం పోతుంది. ఈ సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తెలిసినవాళ్లే చేయాలన్నది మా ఇంటి న్యాయం కాబట్టి, తెలుసుకోకుండా ఉండటంలో మిగతా ముగ్గురూ చాలా జాగ్రత్తగా ఉంటారు.

ఆ సోమవారం పొద్దున్న మా ఇంట్లో మూడు గొంతులు ఒకేసారి పోయాయి. మా ఆయనది, అత్తగారిది, మామగారిది. గొంతులైతే పోయాయి గానీ గొంతెమ్మ కోరికలు పోలేదు. మా ఆయనకు అల్లం కషాయంలో తేనె కావాలి. అది కూడా గోరువెచ్చబడ్డాకే కలపాలి, వేడిలో కలిపితే గుణం చెడిపోతుందట. ఆ గుణం సంగతి ఆయనకు చెప్పింది నేనే. అత్తగారికి చిటికెడు పసుపుతో మిరియాల పాలు, పైన మీగడ కనపడకూడదు. మామగారికి పుక్కిలించడానికి ఉప్పునీళ్లు, ఆ తర్వాత నమలడానికి అతిమధురం పుల్ల. గొంతు బాగున్నంతకాలం పుక్కిటి పురాణాలతో మమ్మల్ని ఉతికి ఆరేసే మనిషి, ఇప్పుడు ఒట్టి పుక్కిలింతలతో సరిపెట్టుకుంటున్నారు. మా ఆయనకు కోపమొస్తే నా మీద కారాలూ మిరియాలూ నూరతారు. అంత నూరుడు నూరేవారు ఆ మిరియాలేవో రోట్లో నూరినా వాళ్లమ్మ పాలకు పనికొచ్చేవి.

మామగారు పెద్ద బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. బడి వదిలారు గానీ గంట వదల్లేదు. మాట్లాడితే గొంతుకు శ్రమ కదా, అందుకని ఆ పూటే ఒక చట్టం చేసి, గుండ్రటి అక్షరాలతో రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించారు. గ్లాసు మీద చెంచాతో ఒక దెబ్బ కొడితే వేణ్ణీళ్లు. రెండు దెబ్బలు కొడితే మందు. మూడు కొడితే ఖాళీ గ్లాసు తీసుకుపోవాలి. ఎవరు తీసుకుపోవాలో మాత్రం రాయలేదు. బడి గంట మీద కూడా ప్యూను పేరు రాసి ఉండదుగా.

ఇక నా గొంతు సంగతి. బస్టాండులో నాది అనౌన్సరు ఉద్యోగం. అక్కడ రెండు మైకులున్నాయి. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఏది ఎక్కడ ఆగుతుంది అని చెప్పేది పెద్ద మైకు. పోయిన సామాను గురించి చెప్పేది చిన్న మైకు. పంతొమ్మిదేళ్లుగా నాది చిన్న మైకు. 'నీలం రంగు గొడుగు పోగొట్టుకున్నవారు', 'ఎడమకాలి చెప్పు మాత్రమే పోగొట్టుకున్నవారు'. ఊరందరూ పోగొట్టుకున్నవీ నా నోట్లోంచే దొరికాయి. పెద్ద మైకు పరీక్షకు ఇదివరకు రెండుసార్లు పేరిచ్చాను. మొదటిసారి అత్తగారి కంటి ఆపరేషను. రెండోసారి మా ఆయన ఆఫీసువాళ్లు భోజనానికొచ్చారు. ఈసారి మా మేనేజరు పేరు రాసుకుంటూ కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"అమ్మా, శుక్రవారం పదింటికి. ఈసారి కూడా రాకపోతే మళ్లీ మీ పేరు రాయమని అడక్కండి. నాకు సిగ్గేస్తోంది."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాను. మా ఆయన కషాయం గుటకేసి బొంగురుగా అన్నారు, "మైకుంటుందిగా, ఇంక గొంతెందుకోయ్?"

అత్తగారు పాలగ్లాసులోకి తొంగి చూస్తూ, "పెద్ద మైకైతే ఇంటికి ఆలస్యమవుతుందేమో అమ్మాయ్?" అన్నారు. మీగడ కనపడిందేమో, గ్లాసు నా వైపు జరిపారు.

సోమవారం, మంగళవారం టింగుటింగుల్లో గడిచిపోయాయి. పొద్దున్నే అల్లం దంచడం, ఆఫీసుకెళ్లడం, వచ్చి మిరియాలు దంచడం, ఉప్పునీళ్లు మరీ ఉప్పగా ఉన్నాయని పిలిస్తే వెళ్లి నీళ్లు కలపడం, చప్పబడ్డాయంటే వెళ్లి ఉప్పు కలపడం. ఉప్పూకారం తినే మనిషినేగా, ఒకసారి ఆ గ్లాసు మామగారి నెత్తిన కలుపుదామా అనిపించింది. ఇంట్లో నా పని చెంచాగిరీయే అనుకునేదాన్ని గానీ, చెంచా నయం, దాన్ని అప్పుడప్పుడు కడిగి ఆరబెడతారు. ముగ్గురి దగ్గుల మధ్య నిలబడి పంచుకున్నాను కదా, బుధవారం మధ్యాహ్నం నా వంతు రానే వచ్చింది. 'నల్లరంగు తోలు సంచి పోగొట్టు...' అంటుండగానే మైకులో నా గొంతు తెగిపోయింది. దగ్గాను, సకిలించాను, మళ్లీ నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట రాలేదు. పంతొమ్మిదేళ్లు పోయినవాటిని ప్రకటించిన దాన్ని, నాది పోతే ప్రకటించడానికి నా దగ్గర గొంతు లేదు.

టికెట్ల కౌంటరులో కూర్చునే స్నేహితురాలు పరుగెత్తుకొచ్చి, ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టింది. దానికి గొంతు బాగానే ఉంది, నన్ను చూసి కంగారులో అదీ రాసింది. 'శుక్రవారం దాకా నోరెత్తకు. ఆవిరి పట్టు. ఇంటికెళ్లి ఎవరితోనైనా అల్లం కాయించుకో.'

'ఎవరితోనైనా' అన్న మాట బస్సులో రెండుసార్లు చదువుకున్నాను.

ఇంటికెళ్లి మధ్యగదిలో మంచం మీద పడుకున్నాను. మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు. అత్తగారు ఆవిడ గదిలో, మామగారు వరండాలో ఉన్నారు. పక్కనే గ్లాసుంది, చెంచా ఉంది. ఫ్రిజ్ మీద చట్టముంది. చట్టం ముందు అందరూ సమానమే కదా అనుకుని రెండు దెబ్బలు కొట్టాను.

టింగ్. టింగ్.

పోయిన గొంతులు అవసరానికి తిరిగొచ్చాయి. హాల్లోంచి మా ఆయన, "ఏమోయ్, అమ్మ పిలుస్తోంది చూడు!"

గదిలోంచి అత్తగారు, "అమ్మాయ్, మీ మావగారు గ్లాసు కొడుతున్నారు, వినపడట్లా?"

వరండాలోంచి మామగారు, "కోడలా! మావాడికి మందు వేళయిందమ్మా!"

మళ్లీ కొట్టాను, కాస్త గట్టిగా. "పాపం, పెద్దావిడ ఎంతసేపు కొడుతుందోయ్!" అన్నారు మా ఆయన. మూడోసారి కొట్టేసరికి ముగ్గురూ లేచారు. నా కోసం కాదు, నన్ను వెతకడానికి. చెప్పుల చప్పుళ్లు మూడూ వంటింటికి చేరాయి. మధ్యగది తలుపు సందులోంచి నాకంతా కనిపిస్తూనే ఉంది. ఖాళీ స్టవ్వు చుట్టూ ముగ్గురూ నిలబడ్డారు.

"ఎక్కడికి పోయింది? ఇంట్లో ఎవరో అలా మోగిస్తుంటే!" అన్నారు అత్తగారు.

"బాధ్యత ఉండాలి," అన్నారు మామగారు.

నేను నాలుగోసారి కొట్టాను. ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. మోత మధ్యగదిలోంచి వస్తోంది. జీవితమంతా హాజరు పిలిచిన హెడ్మాస్టరుగారికి కూడా ఆ చిన్న లెక్క తేలలేదు. ముగ్గురూ ఒకేసారి గొంతు చించుకుని నన్నే పిలిచారు, వెళ్లి ఆ మోగించేదెవరో చూడమని.

మా ఆయన తలుపు తోసి తల లోపల పెట్టారు. "ఇక్కడున్నావా? ఎవరో మోగిస్తున్నారు, వినపడట్లేదూ?"

చెంచా నా చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చూశారు కూడా. చూసి, "ఆ చెంచాతోనే కాస్త తేనె తియ్యి," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. శబ్దం లేని నవ్వు, పొట్టంతా కదిలింది. నేను ఏడుస్తున్నానేమోనని ఆయన భయపడ్డారు. ఏడిస్తే బావుండేది, ఏం చేయాలో ఆయనకు తెలుసు, పేపరు పైకెత్తుకుంటారు. నవ్వితే ఏం చేయాలో తెలియలేదు పాపం. మోగించేవాళ్ల జాబితాలో నేను ఎప్పుడూ లేను. పరుగెత్తేవాళ్ల జాబితాలో నేనొక్కదాన్నే. అంత చిన్న జాబితా చదవడానికి నాకిన్నేళ్లు పట్టింది.

లేచి వంటింట్లోకి వెళ్లాను. బొటనవేలంత అల్లం ముక్క, చెంచా అంచుతో పొట్టు గీకాను. ఒక్క గ్లాసు నీళ్లే పెట్టాను. సగమయ్యేదాకా మరిగించి, వడగట్టి, గోరువెచ్చబడేదాకా స్టూలు మీద తీరిగ్గా కూర్చుని, తేనె కలిపాను. మా ఆయన అలవాటుగా చెయ్యి చాచారు. నేను గ్లాసు నోటికెత్తుకున్నాను.

"మరి నాదో?"

అల్లం బుట్ట చూపించాను.

"నాకు చెయ్యడం రాదుగా!"

ఫ్రిజ్ దగ్గరికెళ్లి మామగారి చట్టం కింద ఇంకో కాగితం అంటించాను. 'అల్లం బుట్టలో. తేనె పై అరలో. మిరియాలు ఎడమ డబ్బాలో. తేనె గోరువెచ్చబడ్డాకే కలపాలి.' ఆ తర్వాత ఇంట్లో ఉన్న చెంచాలన్నీ, చిన్నవీ పెద్దవీ పదకొండు, ఏరి హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగాను. గురువారం సెలవు పెట్టాను. నా ఉప్పునీళ్లు నేనే పుక్కిలించాను, నా ఆవిరి నేనే పట్టాను. తలుపు వేసుకుని నోరు మూసుకుని పడుకున్నాను. బయట ఏవో గిన్నెలు పడ్డాయి. పడనిచ్చాను.

శుక్రవారం పదింటికి పెద్ద మైకు ముందు కూర్చుంటే బ్యాగు గలగలమంది. మేనేజరు కాగితం ఇచ్చాడు. చదివాను. బస్టాండంతా వినిపించింది. చివరి బెంచీ మీద కునికేవాడు లేచి తన బస్సు కోసం పరుగెత్తాడు.

"గొంతులో కొత్తగా ఏదో బరువొచ్చిందే!" అన్నాడు మేనేజరు.

"రెండు రోజులుగా ఎవరికీ బదులు పలకలేదండీ," అన్నాను.

"సోమవారం నుంచి ఈ కుర్చీ మీదే."

సాయంత్రం ఇల్లు చేరేసరికి స్టవ్వు మీద పాలగిన్నె మాడి నల్లగా ఉంది. అల్లం పొట్టుతో సహా సింకులో తేలుతోంది. అంటే ఎవరో ప్రయత్నించారు. సంతోషమే. నా అడుగుల చప్పుడు వినగానే ప్రయత్నం మానేశారు. మా ఆయన తాళం చెవితో, అత్తగారు ఉంగరంతో, మామగారు కళ్లద్దాల డబ్బాతో, ముగ్గురూ గ్లాసులు మోగించడం మొదలుపెట్టారు.

నేను బ్యాగు దింపలేదు. హాలు మధ్యలో నిలబడి, గొంతు ఒకసారి సవరించుకుని, పెద్ద మైకు గొంతుతో అన్నాను.

"దయచేసి వినండి. వంటింటి నుంచి బయలుదేరి మధ్యగది మీదుగా హాలుకు రావలసిన అల్లం కషాయం, మిరియాల పాలు, ఉప్పునీళ్లు నేటి నుంచి రద్దు చేయబడినవి. ప్రయాణికులు స్వయంగా నడిచి వంటింటికి చేరుకోవలసిందిగా మనవి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతించడం లేదు."