బడిలో కాపురం

స్కూలువాళ్ళు సాయం చేస్తామని మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు గురమ్మ నిజంగానే సంబరపడింది. డైరీ ఫార్మ్‌ పేటలో చేపల వేట మీద బతికే తమలాంటి వాళ్ళ గడప ఎక్కి, జీపులో వచ్చిన అయిదుగురు "మీకు మేమున్నాం" అంటే ఎవరికి మాత్రం బాగుండదు? ఆ సాయం తన కొంప మీదికి తెస్తుందని ఆవిడకేం తెలుసు, పాపం.

ఇదంతా షిప్పు వల్ల వచ్చింది. గురమ్మ, మొగుడు అసిరయ్య, మిడిల్ స్కూల్లో ఎనిమిది చదువుతున్న కూతురు అమ్ములు, ముగ్గురూ తాముండే దీవి నుంచి మేనకోడలి పెళ్ళికి సముద్రం దాటి సొంతూరెళ్ళారు. తిరుగు ప్రయాణంలో సముద్రం బాగోలేక విశాఖపట్నంలో షిప్పు పదకొండు రోజులు కదల్లేదు. పిల్ల అన్నాళ్ళు బడి మానితే స్కూల్లోని విద్యార్థి-కుటుంబ సహాయ విభాగం ఇంటికి వెళ్ళి చూడాలి. అది రూలు. వాళ్ళు వచ్చారు. అమ్ములు ఇంట్లో లేదు. ఎందుకుంటుంది, బడిలో ఉంది మరి. "పాప ఇంట్లో కనబడలేదు" అని రాసుకుని, వచ్చే శుక్రవారం ముగ్గురూ ఇంట్లోనే ఉండాలని కాగితం ఇచ్చిపోయారు.

ఆ శుక్రవారం అసిరయ్య వేటకు పోలేదు, అమ్ములు బడికి పోలేదు. పిల్ల యూనిఫాం వేసుకుని మంచమ్మీద కూర్చుంటే, విభాగం పెద్ద పద్మిని రోజూ బడికి రావడం ఎంత ముఖ్యమో గంటన్నర చెప్పింది. పద్మినిది అదే ఊళ్ళోని షాదీపూర్ పేట, కిరాణా కొట్టువాళ్ళ ఆడపడుచు, హిందీ కలిసిన మాట, అదీ మెత్తన. గురమ్మ అందరికీ టీలిచ్చి, చేపలు వేయించి పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళను ఇక లేవండని అనడం ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక చేతకాదు.

సోమవారం ఇంకో కాగితం వచ్చింది. శుక్రవారం అమ్ములు బడికి రానందున మళ్ళీ వస్తారట. వచ్చారు. ఆ రోజూ పిల్ల మానాల్సి వచ్చింది కాబట్టి నాలుగోసారి కూడా వచ్చారు. కేసు ముదిరిందని ఈసారి జనం ఏడుగురయ్యారు.

"ఇదేటి సాయమే? తుపానే నయం, ఒచ్చి ఎల్లిపోద్ది," అన్నాడు అసిరయ్య.

ఆ తర్వాత గురమ్మ చేతికి నాలుగో కాగితం వచ్చింది. గురువారం పన్నెండు గంటలకు రాక. కిందనే ఇంకో మాట కూడా ఉంది. హాజరు ఇక ఒక్క రోజు తగ్గినా అమ్ములును వార్షిక పరీక్ష రాయనివ్వరు. మధ్యాహ్నం హాజరు ఒక్కటి పోయినా రోజంతా పోయినట్టే లెక్క. తను మూడో తరగతితో ఆగిపోయింది. పిల్ల కూడా ఆగిపోతుందంటే గురమ్మకు అన్నం సహించలేదు. నేరుగా పద్మిని గదికి వెళ్ళింది.

"దీదీ, మీరొత్తన్నారనే కదా పిల్ల మానేత్తంది. మీరు రాకపోతే అది రోజూ బడికెల్తాది."

"మీరన్నది నూటికి నూరు పాళ్ళు సహీ, దీదీ," అంది పద్మిని. "అది కూడా రిపోర్టులో రాశాను. కానీ గైర్హాజరు ఉన్నంతకాలం మేం రావాలి. క్యా కరే, ఏం చేస్తాం. పాపను ఇంట్లో చూశామని టిక్ పెట్టి, ఆ రోజు గైర్హాజరు కూడా లేకపోతేనే ఫైలు మూసేది."

"పోనీ, సాయంత్రం రండి."

"మా డ్యూటీ బడి వేళల్లోనే, దీదీ."

గురమ్మ కాసేపు ఆ గది నాలుగు గోడలూ చూసింది. "మేం ఇల్లు మారిపోతేనో?"

"కొత్త అడ్రస్ రాసివ్వండి, అక్కడికే వస్తాం. పొయ్యి, చాప, మనుషులు కనబడితే చాలు."

ఆ సాయంత్రమే అమ్ములు చేత కొత్త అడ్రస్ రాయించింది. పిల్లది హిందీ మీడియం, తెలుగు రాత సరిగా రాదు, హిందీలో రాసింది: మిడిల్ స్కూలు, సహాయ విభాగం గది. ఆఫీసులో చదవకుండానే ముద్ర కొట్టి ఫైల్లో పెట్టేశారు.

గురువారం తెల్లారగానే కిరసనాయిలు స్టవ్వు, చాప, రెండు గిన్నెలు, అసిరయ్య ఆ గదిలోకి చేరారు. అమ్ములు పక్క గదిలోని క్లాసుకు వెళ్ళింది. హెడ్మాస్టరు ఎగిరిపడ్డాడు గానీ ముద్ర చూసి తల పట్టుకుని పోయాడు. పద్మిని బృందం తొమ్మిదికి వచ్చి, తమ గదిలో బనీనుతో కూర్చున్న అసిరయ్యను చూసి, వరండాలో నిలబడింది. పన్నెండవగానే ఏడుగురూ జీపెక్కారు. జీపు ఎక్కకపోతే విజిట్ కింద లెక్కకు రాదు మరి. గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి, చెప్పులు విడిచి తలుపు తట్టారు.

"రండి, కూకోండి," అంది గురమ్మ. పులుసన్నం పెట్టింది. లంచ్ బెల్ కొట్టారు, అమ్ములు "ఇంటికి" వచ్చింది. పద్మిని సంతోషంగా టిక్ పెట్టి, రోజూ బడికి రావడం ఎంత ముఖ్యమో మొదలుపెట్టింది.

ఒంటిగంట అయింది. బెల్ మోగింది. పద్మిని ఇంకా మూడో పేజీలోనే ఉంది, మొత్తం తొమ్మిది. పక్క గదిలో సార్ పేర్లు పిలవడం మొదలైంది. అమ్ములు తల్లి మొహం చూసింది. లేవబోతే పద్మిని ఆప్యాయంగా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "అయిపోవచ్చింది బేటా, ఇది నీ కోసమే కదా."

గురమ్మ లేచి నిలబడింది.

"దీదీ, లెగండి."

పద్మినికి అర్థం కాలేదు. "ఇంకా ఆరు పేజీలు..."

"ఇది మా ఇల్లు. మీ కాగితమే అంటంది. మా ఇంట్లోంచి ఎల్లండి, అందరూ. నా పిల్లని ఒదిలీండి."

ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటివాళ్ళు పొమ్మంటే ఉండకూడదని కూడా రూలుంది. లేచి, చేతులు కడుక్కుని, తమ గదిలోంచి తామే ఎండలోకి నడిచారు. ఆ సందులోంచి అమ్ములు పరిగెత్తింది. గురమ్మ తలుపు మూసి గొళ్ళెం పెట్టి, గోడకు చెవి ఆనించింది. తనను అడిగితే సిగ్గుతో చచ్చిపోతానంటుంది, అంతమందిని పొమ్మన్నందుకు.

సార్ అమ్ములు పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు.

"ప్రెజెంట్, సార్." పరిగెత్తి వచ్చిన ఆయాసంలో సగం మాట మింగేసింది.

కూతురు క్లాసులో పలకడం గురమ్మ ఎన్నడూ వినలేదు. అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. బయట పద్మిని తలుపు తడుతూనే ఉంది. సాయంత్రం బడి వదిలేదాకా గురమ్మ గొళ్ళెం తియ్యలేదు.